చిట్టమూరు ఊకకు నికెల్ పరీక్ష

చెన్నై–కోల్‌కతా హైవే మీద నాయుడుపేట దగ్గర తూర్పుకు తిరిగితే లారీల హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఆ తర్వాత దారి పొడవునా వరి మళ్లే. మధ్యలో చెరువు కట్టలు, కట్టల మీద తాటిచెట్లు. మార్చి నెల కావడంతో కోత మిషన్లు పొలాల్లో దిగి ఉన్నాయి. తారు రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, నాలుగు రాళ్లు అడ్డం పెట్టి మనకు మిగతా సగం వదిలిపెట్టారు. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. ఎవరికీ తొందర లేదు కాబట్టి పేచీ కూడా లేదు.

చిట్టమూరు ఒకప్పటి గూడూరు తాలూకా మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ, ఊళ్లో ఎవరిని అడిగినా ఇప్పటికీ "మాది నెల్లూరే" అంటారు. నాయుడుపేటను తాకి వచ్చే స్వర్ణముఖి కోట, వాకాడు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. మండలం ఒక అంచు పులికాట్ సరస్సును తాకుతుంది. ఆ సరస్సుకు ఆవలి గట్టున శ్రీహరికోట. రాకెట్ పోయే రోజున మేడలెక్కి చూసే ఊళ్లలో ఇదీ ఒకటి.

దారిలోని మల్లాంలో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి ఉంది. మల్లాంలోనే పల్లవ కంపవర్మ కాలపు తమిళ శాసనం దొరికింది. తన ఒంట్లో తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరికి తల కూడా అమ్మవారికి అర్పించిన ఒక వీరుడి కథ అందులో ఉంది. వెయ్యేళ్ల పైబడిన మాట. అప్పటికే ఇది పేరున్న ఊరన్నమాట. గుడి చూసుకుని, స్వామికి దణ్ణం పెట్టుకుని మేం బయల్దేరింది మాత్రం ఒక రైస్ మిల్లుకి.

మిల్లులో ఊక

నాతో వచ్చిన మిత్రుడు కెమిస్ట్రీ లెక్చరర్. వరి ఊక నుంచి, గడ్డి నుంచి వచ్చే రసాయనాలను కరెంటుతో, నికెల్ సాయంతో మరింత విలువైన సరుకుగా మార్చే పరిశోధనల మీద ఆయనకు మహా ఆసక్తి. "కాగితాల్లో ఎంతైనా చదువుకోవచ్చు. ఊక ఉన్నచోటికి పోయి చూద్దాం పదండి" అన్నాడు. నెల్లూరు తీరాన్ని మించిన చోటేముంది? ఒకప్పుడు మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నేల. 1937 నుంచీ నెల్లూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 రకాన్నే నెల్లూరు మసూరి అంటారు.

మిల్లు వెనక ఊక గుట్ట రెండంతస్తుల ఇల్లంత ఉంది. గాలి తిరిగినప్పుడల్లా కళ్లల్లో పడుతోంది. గుమస్తా పెద్దాయన మొహానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"పుట్టికి ఎంత ఊక దిగుతుందన్నా?" అని అడిగాడు మా లెక్చరర్.

"నూటా డెబ్భై కిలోలు ఏసుకో సార్. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ."

నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ధాన్యంలో ఐదో వంతు ఊక, పన్నెండో వంతు తవుడు అని పుస్తకాల్లో ఉండే లెక్కా అదే. పెద్దాయన పుస్తకం చూడకుండానే చెప్పాడు.

"ఇంత ఊక ఏం చేస్తారు? పారబోస్తారా?" అన్నాన్నేను.

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "పారబోయడమేంది సామీ! ఉప్పుడు బియ్యానికి మా బాయిలర్ దీంతోనే మండాల. మిగిలింది ఇటుక బట్టీలోళ్లు తీసకపోతారు. బూడిద కూడా అడిగేవోళ్లుండారు. గడ్డేమో కట్టలు గట్టి పాడికి అమ్ముతారు. ఈడ ఊరికే పోయేది ఏదీ లేదు."

ఆ జవాబు విన్నాక మా లెక్చరర్ కాసేపు మాట్లాడలేదు. పరిశోధన పత్రాల్లో మొదటి వాక్యం ఎప్పుడూ "వ్యవసాయ వ్యర్థాలు" అనే మొదలవుతుంది. ఊళ్లో మాత్రం వాటికి ఒక ధర, ఒక వాడకం ముందే ఉన్నాయి. ఊక నుంచి రసాయనం తీస్తామనే వాళ్లు ముందుగా బాయిలర్‌తోనూ, ఇటుక బట్టీతోనూ పోటీ పడాలి. అదే మొదటి పరీక్ష.

తవుడు పేరున్న రసాయనం

మనం సారం లేని మాటలను ఊకదంపుడు అంటాం. దంచినా గింజ రాదని. రసాయన శాస్త్రం ఆ సామెతను రెండు వందల ఏళ్ల కిందటే కొంచెం మార్చింది. 1830ల మొదట్లో డోబరైనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక కొత్త నూనె లాంటి ద్రవాన్ని గమనించాడు. తర్వాత దాన్ని తవుడు నుంచి, ఆమ్లంతో ఉడికించి తీశారు. లాటిన్‌లో తవుడును ఫర్ఫర్ అంటారు. అందుకే ఆ ద్రవానికి ఫర్ఫ్యూరాల్ అని పేరు. అచ్చ తెలుగులో చెప్పాలంటే తవుడు నూనె. మన వంటల్లోని తవుడు నూనె కాదు సుమా, అది వేరు. ఇది ఘాటైన వాసన, గాలి తగిలితే నల్లబడే గుణం ఉన్న రసాయనం.

దీన్ని పరిశ్రమగా మార్చింది అమెరికాలోని క్వేకర్ ఓట్స్ కంపెనీ. అయోవా రాష్ట్రంలోని సెడార్ రాపిడ్స్‌లో వాళ్లకు ఓట్స్ పొట్టు గుట్టలు గుట్టలుగా మిగిలేది. 1920ల మొదట్లో ఆ పొట్టును ఆమ్లంతో, ఆవిరితో ఉడికించి ఫర్ఫ్యూరాల్ తీయడం మొదలుపెట్టారు. వాళ్ల పొట్టుకూ మన ఊకకూ పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ ఐదు కార్బన్ల చక్కెరల గొలుసులు ఉంటాయి. అవి విరిగితే ఫర్ఫ్యూరాల్ వస్తుంది.

మన దగ్గర కూడా ఈ పని కొత్తది కాదు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో ఫర్ఫ్యూరాల్ మీద చాలాకాలంగా పని జరుగుతోంది. రాగి, మెగ్నీషియం ఆక్సైడ్ కలిపిన ఉత్ప్రేరకంతో ఫర్ఫ్యూరాల్‌ను ఫర్ఫ్యూరైల్ ఆల్కహాల్‌గా మార్చే పద్ధతిని అక్కడి పరిశోధకులు 2003లో ప్రచురించారు. పోత పోసే ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు గట్టిపడటానికి వాడే రెసిన్‌కు ఆ ఆల్కహాలే ముడిసరుకు.

ఫర్ఫ్యూరాల్‌కు ఒక అన్నలాంటి రసాయనం ఉంది. పేరు హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరాల్, పొట్టిగా హెచ్‌ఎంఎఫ్. ఇది ఆరు కార్బన్ల చక్కెరల నుంచి, అంటే గడ్డిలోని సెల్యులోజ్, నూకల్లోని పిండిపదార్థం లాంటి వాటి నుంచి వస్తుంది. తేనెను వేడి చేశారా, పాతబడిందా అని ల్యాబుల్లో పరీక్షించేటప్పుడు చూసేది దీన్నే. ఈ హెచ్‌ఎంఎఫ్‌ను ఆక్సీకరణం చేస్తే ఎఫ్‌డీసీఏ అనే ఆమ్లం వస్తుంది. దానితో పెట్రోలియం లేకుండానే నీళ్ల సీసాల ప్లాస్టిక్ తయారు చేయొచ్చు. 2004లో అమెరికా ఇంధన శాఖ మొక్కల నుంచి తీయదగ్గ ముఖ్యమైన రసాయనాల జాబితా వేసినప్పుడు ఇది అందులో ఉంది. 2024 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌జైల్‌లో అవాంటియం కంపెనీ ఏడాదికి 5,000 టన్నుల ఎఫ్‌డీసీఏ ఫ్యాక్టరీని ప్రారంభించింది. వాళ్లది కరెంటు దారి కాదు, వేడితో చేసే దారి. కరెంటు దారిలో పోవాలంటే కావాల్సింది నికెల్.

డాల్డా డబ్బా నుంచి బ్యాటరీ దాకా

మిల్లు ముందు టీ అంగడి బల్ల మీద కూర్చున్నాం. "నికెల్ మనింటికి కొత్త చుట్టమేం కాదు" అని మొదలుపెట్టాడు లెక్చరర్. 1937లో మన దేశంలో డాల్డా వచ్చింది. ద్రవంగా ఉండే నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించిందే వనస్పతి. ఆ ఎక్కించే పని చేసింది నికెల్ పొడి. నికెల్‌కు ఆ విద్య ఉందని చూపించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ సబాటియేకు 1912లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చేయించబోయే పని దానికి సరిగ్గా తిరగేసినది. అక్కడ హైడ్రోజన్ ఎక్కించింది. ఇక్కడ దించాలి.

దించడం ఎలాగో చెప్పడానికి ఆయన మిల్లు వైపే చూపించాడు. హమాలీ ఒకాయన లారీ మీది బస్తాను వీపున వేసుకుని లోపలికి పోతున్నాడు. దించి, ఖాళీ వీపుతో మళ్లీ లారీ దగ్గరికి వస్తున్నాడు. నికెల్ కూడా అంతే. క్షారపు నీళ్లలో నికెల్ రేకు పెట్టి ధనాగ్రానికి కలిపితే, దాని మీద లేత ఆకుపచ్చ హైడ్రాక్సైడ్ పొర ఏర్పడుతుంది. కరెంటు పెంచుతూ పోతే ఒక చోట ఆ పొర నల్లగా మారుతుంది. అది ఖాళీ వీపుతో నిలబడిన హమాలీ. ఎదురుగా వచ్చిన హెచ్‌ఎంఎఫ్ అణువు నుంచి హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటుంది, మళ్లీ ఆకుపచ్చ అవుతుంది. కరెంటు వచ్చి ఆ బస్తా దించేస్తుంది, మళ్లీ నలుపు. ఒక్క హెచ్‌ఎంఎఫ్ అణువు ఎఫ్‌డీసీఏ కావాలంటే ఇలా ఆరు ఎలక్ట్రాన్ల పని జరగాలి. ఆరు బస్తాలన్నమాట.

ఈ ఆకుపచ్చ–నలుపు ఆటే నికెల్–కాడ్మియం బ్యాటరీలోనూ ఉంటుంది. ఆ బ్యాటరీ 1899లో స్వీడన్‌లో పుట్టింది. హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ కంపెనీ అలాంటి బ్యాటరీలను రైల్వేల వంటి వాటి కోసం దశాబ్దాలుగా తయారు చేస్తోంది. కాబట్టి నికెల్ రేకుల పనితనం తెలుగు నేల మీద ఉన్నదే.

అణువులను ఆక్సీకరణం చేయడానికి ఈ రేకును వాడొచ్చని 1971లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్లెయిష్‌మన్, కొరినెక్, ప్లెచర్ వివరంగా చూపించారు. తర్వాత 1989లో "కోల్డ్ ఫ్యూజన్" గొడవతో ప్రపంచమంతా మారుమోగిన ఫ్లెయిష్‌మన్ ఈయనే. 1991లో పోలెండ్ పరిశోధకులు నికెల్ రేకుతో హెచ్‌ఎంఎఫ్‌ను ఎఫ్‌డీసీఏగా మార్చారు. నూటికి 71 పాళ్లు దిగుబడి వచ్చింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. హైడ్రోజన్ మీద మోజు పెరిగాకే అందరూ మళ్లీ ఆ రేకు దగ్గరికి వచ్చారు.

రాకెట్ గట్టు నుంచి ఒక లెక్క

హైడ్రోజన్‌కూ ఊకకూ ఏం సంబంధం? నీటిని కరెంటుతో విడగొడితే ఒక వైపు హైడ్రోజన్, మరో వైపు ఆక్సిజన్ వస్తాయి. కరెంటు ఎక్కువ తినేది ఆక్సిజన్ వైపే. ఆ ఆక్సిజన్‌ను చాలాసార్లు గాల్లోకి వదిలేస్తారు. అంటే ఎక్కువ కష్టపడి, చౌక సరుకు చేస్తున్నామన్నమాట. దాని బదులు ఆ వైపున హెచ్‌ఎంఎఫ్ లాంటి తేలిగ్గా లొంగే అణువును పెడితే తక్కువ వోల్టేజీకే పని జరుగుతుంది. ఒక వైపు హైడ్రోజన్, రెండో వైపు విలువైన ఆమ్లం.

ఎంత మిగులుతుంది? కిలో హైడ్రోజన్‌కు ఒక్కో వోల్టుకు దాదాపు 26.6 యూనిట్ల కరెంటు పడుతుంది. మామూలు నీటి యంత్రం 1.8 నుంచి 2 వోల్టుల మధ్య నడుస్తుంది, అంటే కిలోకు యాభై యూనిట్ల చుట్టుపక్కల. వోల్టులో పదో వంతు తగ్గించినా కిలోకు రెండున్నర యూనిట్లకు పైగా ఆదా. ఒకటిన్నర వోల్టుకు దించగలిగితే నలభై యూనిట్లే.

ఇదే సూత్రాన్ని మన ప్రాంతంలో ఇంకో రూపంలో చేసి చూపించారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి చెన్నైలో ఒక ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది. నీటిలో మిథనాల్ కలిపి, మామూలు పద్ధతికి పట్టే కరెంటులో మూడో వంతుతోనే హైడ్రోజన్ తీసే పద్ధతిని ఆ సంస్థ రూపొందించింది. వాళ్లది మిథనాల్. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది గడ్డి, ఊక.

పులికాట్ అవతలి గట్టు వైపు చూస్తూ ఇంకో లెక్క వేశాం. 2023 జులై 14న చంద్రయాన్–3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం–3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిపి 28 టన్నుల దాకా నింపుతారు. అందులో హైడ్రోజన్ వాటా నాలుగున్నర టన్నులకు కొంచెం పైన. అంత హైడ్రోజన్‌ను హెచ్‌ఎంఎఫ్ దారిలో తీస్తే, పక్కనే దాదాపు 120 టన్నుల ఎఫ్‌డీసీఏ వచ్చి పడుతుంది. కిలోకు 26 కిలోల లెక్క. కాబట్టి దేశానికంతా కావలసిన హైడ్రోజన్ ఇలా వస్తుందనుకోవడం వట్టి మాట. అంత ఆమ్లం కొనేదెవరు? ఇది ప్రధానంగా రసాయనం చేసే పని, హైడ్రోజన్ దాని వెంట వచ్చే లాభం. అలా చూస్తేనే లెక్క కుదురుతుంది.

హమాలీకి బలం ఎలా?

ఇప్పుడు ప్రపంచమంతా నికెల్ రేకును మెరుగుపరిచే పనిలో ఉంది. ప్లాటినం లాంటి లోహాలు దీనికన్నా వెయ్యి రెట్లకు పైగా ఖరీదు. అందుకే నికెల్ మీద ఇంత ఆశ. మెరుగుపరచడంలో దారులు మూడు నాలుగున్నాయి.

మొదటిది, ఎక్కువ మంది హమాలీలను పెట్టడం. చదునైన రేకు బదులు స్పంజి లాంటి నికెల్ ఫోమ్ వాడతారు. దాని మీద వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచనైన రేకులు మొలిపిస్తారు. పని జరిగే చోటు పెరుగుతుంది.

రెండోది, తోడు ఇవ్వడం. నికెల్‌లో కోబాల్ట్ కలిపితే అది తక్కువ వోల్టేజీకే నల్లబడి పనిలోకి దిగుతుంది. ఇనుము సంగతి వేరు. నికెల్‌లో పిసరంత ఇనుము చేరినా ఆక్సిజన్ వైపు పని జోరందుకుంటుందని 1987లోనే తేలింది. నీటిని విడగొట్టే వాళ్లకు అది వరం. మనకు మాత్రం కరెంటులో వాటా కొట్టేసే బెడద. బోరు నీళ్లలో ఇనుము ఉంటే ల్యాబులో చూసిన ఫలితం ఊళ్లో రాకపోవచ్చు.

మూడోది, ఓపిక. ల్యాబులో కొన్ని గంటలో, కొన్ని రోజులో నడిస్తే పత్రం రాసుకోవచ్చు. మిల్లులో ఏళ్ల తరబడి నడవాలి. ఈలోపు క్షారంలో హెచ్‌ఎంఎఫ్ ఊరికే ఉండదు. ఎక్కువ మోతాదులో, ఎక్కువ సేపు ఉంచితే తనలో తనే కలిసిపోయి గోధుమ రంగు జిగురుగా మారుతుంది. బెల్లం పాకం ముదిరితే గిన్నెకు ఎలా పట్టేస్తుందో అలా రేకుకు పట్టేస్తుంది. అది పట్టిందంటే హమాలీ పని అయిపోయినట్టే.

అందుకే ల్యాబుల్లో చాలామంది పలచటి ద్రావణం తీసుకుంటారు. ఘాటైన క్షారం, అందులో చెంచాడు హెచ్‌ఎంఎఫ్. ఫలితం నూటికి 98, 99 అని వస్తుంది. లెక్చరర్ అసలు కథ ఇక్కడే చెప్పాడు.

ఉప్పు లెక్క

ఎఫ్‌డీసీఏ క్షారంలో కరిగి ఉంటుంది. బయటికి తీయాలంటే ఆమ్లం పోసి క్షారాన్ని చంపాలి. చంపితే మిగిలేది ఉప్పు. తినే ఉప్పు కాదు, సోడియం సల్ఫేట్ లాంటిది.

లెక్క ఇలా ఉంది. లీటరుకు ఒక మోలు చొప్పున క్షారం, అందులో దాని ఇరవయ్యో వంతు హెచ్‌ఎంఎఫ్ అనుకుందాం. ల్యాబుల్లో ఇలాంటి మోతాదులు మామూలే. మొత్తం క్షారాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చంపితే, కిలో ఎఫ్‌డీసీఏకు తొమ్మిది కిలోల సోడియం సల్ఫేట్ వస్తుంది. వృథా క్షారం అస్సలు లేకుండా చేసినా, కిలోకు తొమ్మిది వందల గ్రాముల ఉప్పు తప్పదు.

ఊకలో ఇంకో చిక్కుంది. అందులో సిలికా దండిగా ఉంటుంది. మిల్లు బూడిదను అడిగేవాళ్లు ఉండేది అందుకే. శుద్ధి చేయని ఊక కషాయం క్షారంలో పడితే ఆ సిలికా కరుగుతుంది. ఆమ్లం పోసినప్పుడు జిగురుగా విరిగి మన ఆమ్లంలోనే కలుస్తుంది. ల్యాబులో సీసా తెరిచి పోసే స్వచ్ఛమైన రసాయనానికి ఈ బాధలేవీ ఉండవు.

టీ అంగడామె మా మాటలు వింటూనే ఉంది. గ్లాసులు కడుగుతూ అడిగింది: "అంత ఉప్పు యాడ పోస్తారబ్బయ్యా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ ప్రశ్న ఈ తీరంలో పుట్టినవాళ్లకే తడుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. వరి మళ్ల పక్కనే ఉప్పునీళ్లు నిలిపారు. 1994లో తెగులొచ్చి గుంటలకు గుంటలు ఖాళీ అయ్యాయి. డబ్బు చేసుకున్నవాళ్లు కొందరు, అప్పులపాలైనవాళ్లు కొందరు. తీరంలోని రొయ్యల గుంటల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2005లో చట్టమూ వచ్చింది. రొయ్యల సాగు పోలేదు, మళ్లీ పుంజుకుంది. ఉప్పెక్కిన మడి మామూలుకు రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ సంగతి ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు.

2025 జనవరి 8న కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి శంకుస్థాపన జరిగింది. చెన్నై–బెంగళూరు కారిడార్‌లో భాగం. అదే రోజున అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు కూడా. అంటే హైడ్రోజన్, కొత్త రసాయనాలు అనే మాటలు ఈ తీరానికి ఇక దూరం కావు. రేపెవరైనా "మీ గడ్డి, ఊక మాకివ్వండి, ప్లాస్టిక్ చేస్తాం" అని వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. వస్తే మంచిదే. కానీ అడగాల్సినవి అడగాలి.

ఉత్ప్రేరకం ఎంత తక్కువ వోల్టేజీకి పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న. అది ఫ్యాక్టరీ కరెంటు బిల్లుకు సంబంధించింది. సీసాలోని శుద్ధ సరుకు కాకుండా నిజమైన ఊక కషాయం పోస్తే ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రెండో ప్రశ్న. కిలో సరుకుకు ఎంత ఉప్పు మిగులుతుంది, అదెక్కడికి పోతుందన్నది మూడోది. బాయిలర్‌కు, బట్టీకి, పాడికి పోయే ధర కన్నా రైతుకు, మిల్లుకు ఎంత ఎక్కువ దక్కుతుందన్నది నాలుగోది.

మూడో ప్రశ్నకు జవాబులు లేకపోలేదు. చిక్కటి ద్రావణంలో, తక్కువ క్షారంతో నడిచే నికెల్ రేకులు కావాలి. ప్రత్యేకమైన పొరల మధ్య కరెంటు పంపి ఉప్పును మళ్లీ క్షారం, ఆమ్లంగా విడదీసి తిరిగి వాడుకునే పద్ధతి ఉంది. దానికి మళ్లీ కరెంటు ఖర్చు. అంటే వోల్టేజీలో మిగిల్చిన యూనిట్లలో కొన్ని ఇక్కడ పెట్టాల్సి వస్తుంది. ఈ రెండూ కలిపి లెక్క చూపించిన పత్రమే చిట్టమూరుకు పనికొచ్చేది. వోల్టేజీ ఒక్కటే చూపించి 99 శాతం అంటే, అది మన భాషలో ఊకదంపుడే.

మా లెక్చరర్ మిల్లు నుంచి ఒక సంచీ ఊక అడిగి తీసుకున్నాడు. ల్యాబులో శుద్ధ రసాయనంతో పాటు దీని కషాయాన్నీ నికెల్ రేకు మీద పెట్టిస్తానన్నాడు. గుమస్తా పెద్దాయన డబ్బులొద్దన్నాడు గానీ, "ఏం తేలిందో వచ్చి చెప్పాల సార్" అని మాట తీసుకున్నాడు.

ఎలా వెళ్లాలి?

రైల్లో అయితే నాయుడుపేట లేదా గూడూరులో దిగాలి. అక్కడి నుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి. విమానంలో వచ్చేవాళ్లకు తిరుపతి దగ్గరి రేణిగుంట, చెన్నై విమానాశ్రయాలున్నాయి. దారిలో మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరుణ్ని చూసుకోవచ్చు. పక్కనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రం, కిందికి పోతే పులికాట్ ఫ్లెమింగోలు. పక్షులు కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వరి కోతలు, మిల్లుల హడావిడి చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో రండి. ఎండకు టోపీ, ఊకకు తువ్వాలు మర్చిపోవద్దు.